నెల్లూరు కరెంటు మీద 1950ల నాటి గిటార్ ఆంప్లిఫయర్: ఒక 5ఈ3 నకలు నిర్మాణం, కొలతలు, నిర్ణయాలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఫుల్లర్టన్ పట్టణంలో లియో ఫెండర్ స్థాపించిన కంపెనీ 1955 నుంచి 1960 వరకు తయారు చేసిన ‘డీలక్స్’ అనే గిటార్ ఆంప్లిఫయర్‌ను, దాని 5ఈ3 సర్క్యూట్ ప్రకారం, నెల్లూరులో చేత్తో మళ్లీ కట్టిన పని వివరాలు ఇవి. మైకు సెట్ల ఆంప్లిఫయర్లు, పాత వాల్వ్ (గాజు బల్బుల్లాంటి వాక్యూమ్ ట్యూబ్) రేడియోలు బాగుచేయడం నా వృత్తి. ఈ పని అప్పగించినవారు కావలికి చెందిన ఒక గిటారిస్టు. చర్చి ఆరాధనల్లోనూ, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లోనూ వాయిస్తారు. రికార్డింగులలో విన్న ఆ ధ్వనిని ఆయన కొన్నేళ్లుగా డిజిటల్ పెడళ్లలో వెతుక్కొని, తృప్తి కలగక నా దగ్గరికి వచ్చారు. “అచ్చం అట్నే ఉండాలన్నా, తేడా వస్తే నాకు తెలిసిపోద్ది” అన్నది ఆయన పెట్టిన ఏకైక షరతు.

ఆ షరతును నేను తేలికగా తీసుకోలేదు. అయితే ‘అచ్చం అట్నే’ ఉండవలసినవి ఏవి, ఉండకూడనివి ఏవి అన్న ప్రశ్నకు జవాబు దొరకకుండా ఇనుప రేకు మీద ఒక్క కన్నం కూడా వేయకూడదని నా అభిప్రాయం. అసలు యంత్రం 117 వోల్టులు, 60 హెర్ట్‌జ్ కరెంటు ఉన్న దేశం కోసం తయారైంది. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. అది కూడా కాగితం మీద మాటే, సాయంత్రం 205కు పడిపోయి అర్ధరాత్రి దాటాక 250 దాటే వీధులు నెల్లూరులో నాకు బాగా తెలుసు. పైగా సముద్రపు గాలి, చెమ్మ. ఈ పరిస్థితుల్లో అసలు భాగాల పేర్లు, రంగులు వెతికి తెచ్చి అతికించినా వాల్వుల కాళ్ల మీద అప్పటి వోల్టేజీలు లేకపోతే అది బొమ్మ మాత్రమే అవుతుంది. భాగాలు వేరైనా ఆ వోల్టేజీలు, ఆ ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తులు, ఆ విద్యుత్ నిరోధాలు ఉన్నట్లయితే అది నకలు అనిపించుకుంటుంది. మొత్తం పని ఈ నమ్మకం మీదనే సాగింది.

సర్క్యూట్ స్వభావం

ఫెండర్ లెక్కలో 5 అంటే 1950ల దశకం, ఈ అంటే ఆ మోడల్‌లో వచ్చిన సవరణ, 3 అంటే డీలక్స్ మోడల్. వాల్వులో హీటర్ వేడి చేసిన క్యాథోడ్ నుంచి ప్లేటుకు ఎలక్ట్రాన్లు ప్రవహిస్తాయి, మధ్యలో ఉండే గ్రిడ్ మీదికి వచ్చిన సిగ్నల్ ఆ ప్రవాహాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఇందులో మొదటి వాల్వు 12ఏవై7. దాని రెండు సగాలు రెండు ఛానెళ్లకు చెరొకటి పనిచేస్తాయి. దీని ఆంప్లిఫికేషన్ గుణకం 44 చుట్టూ ఉంటుంది కాబట్టి, 100 ఉండే 12ఏఎక్స్7ను ఆ స్థానంలో పెడితే ధ్వని చాలా ముందే చిట్లిపోతుంది, అంటే సిగ్నల్ ఆకారం చెడి గరుకుగా వస్తుంది. చాలామంది అలాగే పెట్టుకొని 5ఈ3 ఇంతే అనుకుంటారు. రెండో వాల్వు 12ఏఎక్స్7. దాని ఒక సగం సిగ్నల్‌ను పెంచుతుంది, రెండో సగం ప్లేటు వైపు 56 కిలో ఓమ్‌లు, క్యాథోడ్ వైపు 56 కిలో ఓమ్‌లు పెట్టుకొని ఒకే సిగ్నల్‌ను రెండు వ్యతిరేక దశలుగా విడదీస్తుంది. ఆ రెండు సిగ్నళ్లూ రెండు 6వీ6 జీటీ పవర్ వాల్వులకు చేరతాయి. వాటి రెండు క్యాథోడ్లకు కలిపి ఒకే రెసిస్టర్, దానికి సమాంతరంగా 25 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఏసీని డీసీగా మార్చి ఇచ్చేది 5వై3 జీటీ రెక్టిఫయర్ వాల్వు. ఔట్‌పుట్ నుంచి వెనక్కి వచ్చే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఇందులో లేదు.

ఫీడ్‌బ్యాక్ లేకపోవడమే ఈ నకలును కష్టమైనదిగా చేస్తుంది. ఫీడ్‌బ్యాక్ ఉన్న ఆంప్లిఫయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ లోపాలను, సరఫరా లోపాలను సర్క్యూటే కొంతవరకు సరిదిద్దుకుంటుంది. ఇక్కడ అలా సరిదిద్దేది ఏదీ లేదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎలా ఉంటే, స్పీకరు ఎలా ఉంటే, రెక్టిఫయర్ ఎంత కుంగితే అదంతా నేరుగా చెవిలో పడుతుంది. అందుకే ఖర్చులోనూ, శ్రద్ధలోనూ పెద్ద వాటా ఈ మూడింటికే వెళ్లింది.

ట్రాన్స్‌ఫార్మర్లు

నెల్లూరు జిల్లాలో రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు, బోరు మోటార్లు తిరగచుట్టే పనివాళ్లకు కొదవ లేదు. వాళ్లలో స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టిన అనుభవం ఉన్న ఒక పెద్దాయనతో రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ చుట్టించాను. విదేశాల నుంచి తయారైనవి తెప్పించుకోవచ్చు, కాని ప్రైమరీ (కరెంటు ఇచ్చే వైపు చుట్లు) మీద నాకు కావలసిన ట్యాపులు (చుట్ల మధ్యలోంచి బయటికి తీసే తీగెలు) వాటిలో ఉండవు.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో ముందుగా చూడవలసింది ఫ్రీక్వెన్సీ. 60 హెర్ట్‌జ్‌కు సరిపోయే కోరు (చుట్ల మధ్య ఉండే ఇనుప రేకుల కట్ట), చుట్లు యథాతథంగా 50 హెర్ట్‌జ్ మీద నడిపితే కోరులో అయస్కాంత ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది. కోరు సంతృప్త స్థితికి చేరి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది, రొద చేస్తుంది, పక్కనున్న వైర్లలోకి హమ్ (గుయ్‌మనే మోత) చిమ్ముతుంది. అందుచేత 32 మిల్లీమీటర్ల మధ్య కాలు ఉన్న ఈ-ఐ రేకులను 45 మిల్లీమీటర్ల ఎత్తు పేర్చి, ఫ్లక్స్ సాంద్రతను 1.1 టెస్లా దగ్గర ఆపి లెక్క వేస్తే వోల్టుకు మూడు చుట్లు వచ్చాయి. ప్రైమరీకి 230 వోల్టుల దగ్గర 690 చుట్లు. 210, 230, 250 వోల్టులకు విడివిడిగా ట్యాపులు తీయించాను. సెకండరీలు (వోల్టేజీ బయటికి ఇచ్చే చుట్లు) మూడు: హైటెన్షన్‌కు 325-0-325 వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్లు, రెక్టిఫయర్ ఫిలమెంటుకు 5 వోల్టులు, 2 ఆంపియర్లు, మిగతా హీటర్లకు 6.3 వోల్టులు, 3 ఆంపియర్లు. రెండు 6వీ6లు 0.9 ఆంపియర్, రెండు చిన్న వాల్వులు 0.6, పైలట్ దీపం 0.15 కలిపి 1.65 ఆంపియర్లే తీసుకుంటాయి కనుక హీటర్ వైండింగు మీద ఒత్తిడి ఉండదు.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అసలు పరీక్ష. రెండు ప్లేట్ల మధ్య 8,000 ఓమ్‌లు, స్పీకరు వైపు 8 ఓమ్‌లు కావాలి. సిగ్నల్‌కు ఎదురయ్యే ఈ నిరోధాల (ఇంపీడెన్స్) నిష్పత్తి 1,000 కాబట్టి చుట్ల నిష్పత్తి దాని వర్గమూలం, అంటే 31.6కు ఒకటి. నేను గీసిచ్చిన కాగితం చూసి ఆ పెద్దాయన, “ఇంత సన్న తీగెకు ప్రతి వరసకీ కాయితం ఎందుకబ్బయ్యా, వార్నిష్‌లో ముంచితే సరిపోద్ది గదా” అన్నారు. మోటారు పనిలో ఆ మాట నిజమే, కాని ఇక్కడ గట్టిగా వాయించిన క్షణంలో ఒక్కో ప్లేటు మీద సరఫరా వోల్టేజీకి దాదాపు రెట్టింపు ఎగసిపడుతుంది. స్పీకరు వైరు ఊడిపోయిన స్థితిలో అది ఇంకా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ స్థితిలో పై వరస చివరి చుట్టుకూ, కింది వరస మొదటి చుట్టుకూ మధ్య కాగితం లేకపోతే ఎనామెల్ పూత ఒక్కటే నిలబడలేదు. ఇది చెప్పిన తరువాత ఆయన ప్రతి వరసకూ కాగితం వేసి, అంచుల దగ్గర మూడు మిల్లీమీటర్లు వదిలి, అద్భుతంగా చుట్టి ఇచ్చారు. ప్రైమరీని రెండు భాగాలు చేసి వాటి మధ్యలో సెకండరీ ఉంచాము. హై-ఫై ట్రాన్స్‌ఫార్మర్లలో మాదిరి ఐదారు పొరలుగా అల్లలేదు, ఎందుకంటే పై స్థాయి ఫ్రీక్వెన్సీలు కొంత తగ్గిపోవడం కూడా ఈ ఆంప్లిఫయర్ ధ్వనిలో భాగం.

చుట్టడం పూర్తయ్యాక వార్నిష్ పట్టించక ముందే నిష్పత్తి సరిచూశాను. డిమ్మర్‌స్టాట్‌తో (ఏసీ వోల్టేజీని పెంచి తగ్గించే పరికరం) మొత్తం ప్రైమరీ మీద సరిగ్గా 100 వోల్టుల ఏసీ ఇచ్చి సెకండరీ కొలిస్తే 3.17 వోల్టులు చూపింది, ఉండవలసినది 3.16. మధ్య ట్యాపు నుంచి అటూ ఇటూ 50 వోల్టుల చొప్పున సమానంగా వచ్చాయి. డీసీ నిరోధం మాత్రం ఒక వైపు 168 ఓమ్‌లు, మరో వైపు 187 ఓమ్‌లు ఉంది. ఇది లోపం కాదు. బయటి సగంలో ఒక్కో చుట్టూ పెద్దది, తీగె పొడవు ఎక్కువ. చుట్ల సంఖ్య సమానంగా ఉన్నదా లేదా అన్నదే చూడాలి. మల్టీమీటరుతో ఓమ్‌లు కొలిచి ‘ట్రాన్స్‌ఫార్మర్ సమంగా లేదు’ అని పారేసేవారిని చూశాను కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

మార్చవలసినవి

అసలు యంత్రంలో కొన్ని అంశాలను నకలు చేయడం తప్పు అని నా దృఢమైన అభిప్రాయం. ఆనాటి ఆంప్లిఫయర్‌కు రెండు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ లేదు. మెయిన్స్ తీగె నుంచి ఛాసిస్‌కు (భాగాలు బిగించే లోహపు చట్రానికి) ఒక కెపాసిటర్ ఉండేది. అది షార్ట్ అయిననాడు గిటారు తీగెల మీద నేరుగా మెయిన్స్ కరెంటు ఉంటుంది. వాయించేవారు మరో చేత్తో మైకు పట్టుకుంటే ప్రాణం పోతుంది. మన పెళ్లి పందిళ్లలో, తడి నేల మీద, తాత్కాలికంగా లాగిన వైర్ల మధ్య ఆ ప్రమాదం ఎన్నో రెట్లు. కాబట్టి ఆ కెపాసిటర్‌ను పూర్తిగా వదిలేసి, మూడు కోర్ల కేబుల్ పెట్టి, ఎర్త్ తీగెను ఛాసిస్‌కు దాని సొంత బోల్టుతో బిగించి, ఫ్యూజు, స్విచ్చు రెండూ ఫేజు తీగెలోనే ఉంచాను. పాత డిజైన్‌లో పవర్ స్విచ్చు టోన్ కంట్రోల్ వెనకే ఉంటుంది. 230 వోల్టుల తీగెను గ్రిడ్ సర్క్యూట్ పక్క దాకా తీసుకువెళ్లడం నాకు ఇష్టం లేక విడిగా స్విచ్చు పెట్టాను. ఆపేసిన తరువాత ఫిల్టర్ కెపాసిటర్లలో 350 వోల్టులు నిలిచిపోకుండా 220 కిలో ఓమ్‌లు, 2 వాట్ల రెసిస్టర్‌ను సరఫరాకు అడ్డంగా కలిపాను. అయినా లోపల చెయ్యి పెట్టే ముందు మీటరుతో కొలిచి చూడాలన్న నియమం మారదు.

రెండో మార్పు సర్క్యూట్ బోర్డు. అసలు దానిలో వత్తిన కాగితపు ఫైబర్ బోర్డు మీద ఐలెట్లు (బోలు రివెట్లు) కొట్టి భాగాలు అమర్చేవారు. ఆ ఫైబర్ చెమ్మను పీలుస్తుంది. ఒక ముక్క తెచ్చి ఐలెట్లు కొట్టి, కార్తీక మాసపు ముసురులో బల్ల మీద వదిలి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూస్తే పక్కపక్క ఐలెట్ల మధ్య నిరోధం 100 మెగా ఓమ్‌ల దాకా దిగిపోయింది. 100 మెగా ఓమ్‌లంటే చాలా ఎక్కువ అనిపించవచ్చు. కాని ఒక ఐలెట్ మీద 250 వోల్టులుండి, పక్క ఐలెట్ 1 మెగా ఓమ్ ద్వారా నేలకు కలిసిన గ్రిడ్‌ది అయితే, లెక్క ప్రకారం గ్రిడ్ మీదికి దాదాపు రెండున్నర వోల్టులు పాకుతాయి. ఒకటిన్నర వోల్టు బయాస్ (గ్రిడ్‌కూ క్యాథోడుకూ మధ్య ఉంచే స్థిర వోల్టేజీ) మీద నడిచే చిన్న వాల్వుకు అంతకంటే పెద్ద అపకారం లేదు. ధ్వని గరగరలాడుతుంది, వానాకాలంలో ఒకలా ఎండాకాలంలో ఒకలా వినిపిస్తుంది. అందుచేత గ్లాస్ ఎపాక్సీ బోర్డు మీద ఇత్తడి టరెట్లు (తీగెలు అతికే చిన్న స్తంభాలు) బిగించి, భాగాల అమరికను మాత్రం పాత డ్రాయింగులో ఉన్న చోటులోనే ఉంచాను. అమరిక మారితే తీగెల మధ్య కెపాసిటెన్స్ మారుతుంది కాబట్టి అక్కడ నమ్మకంగా నకలు చేయవలసిందే.

రెసిస్టర్ల విషయంలో కార్బన్ కాంపోజిషన్ కావాలని గిటారిస్టు అడిగారు. అవి చెమ్మకు విలువ మారతాయి, సుయ్‌మనే శబ్దం ఎక్కువ. ప్లేట్ల మీది 100 కిలో ఓమ్‌లకు మెటల్ ఫిల్మ్, మిగతా చోట్ల కార్బన్ ఫిల్మ్ వేశాను, ఆయన అంగీకరించారు. కప్లింగ్ కెపాసిటర్లు 630 వోల్టుల పాలిప్రొపిలీన్‌వి. ఈ చిన్న భాగాలన్నీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికాయి.

టోన్ కంట్రోల్‌లోని 500 పికోఫారడ్‌కు సిల్వర్ మైకా (మైకా అంటే అభ్రకం) కెపాసిటర్ వేయడంలో నాకు కొంత మమకారం కూడా ఉంది. గూడూరు, రాపూరు, సైదాపురం ప్రాంతాల గనుల్లో తవ్విన అభ్రకం ఒకప్పుడు దేశదేశాల విద్యుత్ పరికరాలకు వెళ్లేది. ఏ వాల్వునైనా వెలుతురులో పట్టుకొని చూడండి, లోపలి ఎలక్ట్రోడ్లను నిలబెట్టే పలచటి రేకులు అభ్రకానివే. పాత వాల్వు కొనేటప్పుడు నేను మొదట చూసేది ఆ రేకుల అంచులనే. అవి గాజును గట్టిగా ఆనుకొని ఉండాలి, మెల్లగా తడితే లోపల గలగలమనకూడదు. అలా మోగే వాల్వును మొదటి స్టేజీలో పెడితే స్పీకరు కంపనానికి అదే ఒక మైకులా పనిచేసి కూత పెడుతుంది.

పెట్టె, స్పీకరు

పెట్టె పైన్ చెక్కతో చేయాలి. అసలుది పైన్ పలకలే, మూలల్లో వేళ్లలా ఒకదానిలో ఒకటి దూరే అతుకులు, స్పీకరు బిగించేది పలచటి ప్లైవుడ్. తేలికైన పెట్టె స్పీకరుతోపాటు తానూ కదులుతుంది. టేకుతోనో వేపతోనో చేస్తే ఆ కదలిక పోతుంది. కృష్ణపట్నం పోర్టుకు సరుకుతోపాటు వచ్చే పైన్ ప్యాలెట్ల చెక్క నెల్లూరు చుట్టుపక్కల పాత కలప అడితీలలో దొరుకుతుంది. ఆ చెక్క మీద అంతర్జాతీయ నిబంధన ప్రకారం కాల్చిన ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసినది, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టినది. హెచ్‌టీ ముద్ర ఉన్న పలకలనే ఏరించాను. వడ్రంగి మేస్త్రి, “ఇంత ఖర్చు పెట్టి ప్యాకింగ్ చెక్కతో చేయిస్తున్నారేంది సార్” అని బాధపడ్డారు కాని అతుకులు మాత్రం గోరు దూరనంత బిగువుగా తీశారు. పైన అసలు దానికి నూలుతో నేసిన ఏటవాలు గీతల గుడ్డ (దీన్నే ట్వీడ్ అంటారు) ఉండేది. ఆ స్థానంలో మందపాటి డ్రిల్ గుడ్డ అంటించి, స్పిరిట్‌లో కరిగించిన లక్కను పలచగా పూతలు పూయిస్తే తేనె రంగు వచ్చింది. ఛాసిస్ గురించి చెప్పుకోవలసింది తక్కువ. 18 గేజి ఉక్కు రేకు మడిపించి, తుప్పు పట్టకుండా పౌడర్ కోటింగ్ చేయించి, ఎర్త్ బోల్టు దగ్గర మాత్రం పూత గీకించాను.

స్పీకరు దగ్గర రాజీ పడలేదు. మైకు సెట్ల దుకాణాల్లో దొరికే 12 అంగుళాల వూఫర్లు బరువైన కోనుతో, ఎక్కువ వాట్లు తట్టుకునేలా ఉంటాయి. పన్నెండు వాట్ల ఆంప్లిఫయర్ వాటిని సరిగా కదిలించలేదు. గిటార్ స్పీకరు పలచటి కాగితపు కోనుతో, 5 కిలోహెర్ట్‌జ్ పైన ధ్వని వేగంగా తగ్గిపోయేలా చేసినది. ఆ తగ్గుదల లేకపోతే వాల్వులు చిట్లినప్పుడు పుట్టే పదునైన హార్మోనిక్స్ అన్నీ బయటికి వచ్చి చెవులు గీరినట్లుంటుంది. అల్నికో అయస్కాంతం ఉన్న 8 ఓమ్‌ల గిటార్ స్పీకరును బయటి నుంచి తెప్పించాము.

మొదటి కొలతలు, రెక్టిఫయర్ సమస్య

వాల్వులు లేకుండా, సిరీస్ బోర్డులో 100 వాట్ల బల్బు ద్వారా కరెంటు ఇచ్చాను. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోయింది. షార్ట్ లేదని అర్థం. హీటర్ వోల్టేజీలు సరిచూసి, వాల్వులు పెట్టి, స్పీకరు స్థానంలో 8 ఓమ్‌ల డమ్మీ లోడు కలిపి, డిమ్మర్‌స్టాట్‌ను నెమ్మదిగా 230కి తెచ్చాను.

6వీ6 ప్లేట్ల మీద 388 వోల్టులు కనిపించాయి. ఉండవలసినది 350 దరిదాపు. క్యాథోడ్ల మీద 22.7 వోల్టులు, 270 ఓమ్‌ల రెసిస్టర్‌లో 84 మిల్లీ ఆంపియర్లు. స్క్రీన్‌ల (పవర్ వాల్వుల్లోని రెండో గ్రిడ్ల) వాటా 5 తీసేస్తే ఒక్కో ప్లేటుకు 39.5 మిల్లీ ఆంపియర్లు, ప్లేటుకు క్యాథోడుకు మధ్య 365 వోల్టులు, అంటే ఒక్కో వాల్వు 14.4 వాట్లు మోస్తోంది. 6వీ6 జీటీకి పాత డేటాషీటు అనుమతించేది 12 వాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని లోడుతో కొలిస్తే సరిగ్గా 325 ఉంది, కాబట్టి దోషం దానిది కాదు.

తేడా రెక్టిఫయర్‌లో ఉంది. గిటారిస్టు కొని తెచ్చిన వాల్వు మీద 5వై3 జీటీ అనే ముద్ర ఉన్నా, అది ఇటీవలి తయారీది, క్యాథోడుకు విడిగా గొట్టం ఉన్న రకం. అసలు 5వై3 జీటీలో ఫిలమెంటే క్యాథోడు. దానిలో లోపలి నిరోధం ఎక్కువ. 125 మిల్లీ ఆంపియర్ల దగ్గర 50, 60 వోల్టుల దాకా దానిలోనే పోతాయి. కొత్త రకంలో అంత పోదు కాబట్టి మిగిలినదంతా 6వీ6ల మీద పడుతోంది. వాల్వులు త్వరగా చెడిపోవడం దీనివల్ల వచ్చే నష్టాల్లో ఒకటి మాత్రమే. గట్టిగా మీటిన క్షణంలో కరెంటు పెరిగి, రెక్టిఫయర్‌లో వోల్టేజీ కుంగి, మళ్లీ నెమ్మదిగా కోలుకోవడం వల్లే ఈ ఆంప్లిఫయర్‌లో స్వరం మొదట అణిగి తరువాత విచ్చుకున్నట్లు వినిపిస్తుంది. ఆ కుంగుబాటు లేకపోతే గిటారిస్టు అడిగినది ఆయనకు ఇచ్చినట్లు కాదు.

రెక్టిఫయర్ ప్లేటు తీగెల్లో సిరీస్ రెసిస్టర్లు పెట్టి ఆ లోపలి నిరోధాన్ని అనుకరించవచ్చు. వాటికి బోర్డు మీద స్థానం వదిలాను, ప్రస్తుతానికి తీగె ముక్కలతో కలిపాను. చెన్నైలో పాత రేడియోల సేకరణకర్త ఒకరి దగ్గర నేరుగా వేడెక్కే ఫిలమెంటు ఉన్న పాత నిల్వ 5వై3 జీటీలు దొరికాయి. వాటిలో ఒకటి పెట్టగానే ప్లేట్లు 350 వోల్టులకు, క్యాథోడ్లు 19.6కు దిగాయి. ఒక్కో వాల్వుకు 11.2 వాట్లు. ఫెండర్ డ్రాయింగులో వోల్టేజీల పక్కనే ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం అని ముద్రించి ఉంటుంది. నా కొలతలన్నీ అందులో సగానికి లోపలే ఉన్నాయి.

మొదటి ఫిల్టర్ కెపాసిటర్‌ను 16 మైక్రోఫారడ్ దగ్గరే ఉంచాను. హమ్ తగ్గుతుందని అక్కడ 47, 100 వేసేవారున్నారు. కాని ఆ కెపాసిటర్ ప్రతి అర్ధచక్రంలో రెక్టిఫయర్ నుంచి లాగే కరెంటు శిఖరాలను 5వై3 ఫిలమెంటు తట్టుకోలేదు, పైగా కుంగుబాటు వేగం మారిపోతుంది. అయితే 50 హెర్ట్‌జ్ కరెంటులో రిపుల్ (డీసీలో మిగిలే అల) 100 హెర్ట్‌జ్‌గా వస్తుంది, 120గా కాదు. అదే కెపాసిటర్ దాన్ని కొంచెం తక్కువగా వడగడుతుంది. ఆ లోటును తరువాతి రెండు కెపాసిటర్లను 22 మైక్రోఫారడ్ చేసి పూడ్చాను.

హమ్

వాల్యూములు సున్నాలో ఉన్నా స్పీకరులో చిన్న హమ్ మిగిలింది. 50 హెర్ట్‌జ్ హమ్ మందంగా, గుమ్మంటూ ఉంటుంది. 100 హెర్ట్‌జ్‌ది కొంచెం గరుకుగా ఉంటుంది. ఇది మొదటి రకం. ఆసిలోస్కోపు కూడా అదే చెప్పింది, అంటే దోషం హీటర్ల వైపు ఉంది. హీటర్ వైండింగు మధ్య బిందువును నేలకు కలపడానికి బదులు 6వీ6ల క్యాథోడ్లకు కలిపాను. దానితో హీటర్లన్నీ నేల కంటే 19.6 వోల్టులు పైన నిలిచాయి. చిన్న వాల్వుల్లో హీటర్ నుంచి క్యాథోడుకు జారే ఎలక్ట్రాన్ల ప్రవాహం ఆగింది. 8 ఓమ్‌ల మీద 6 మిల్లీవోల్టులున్న హమ్ 2కు తగ్గింది. అసలు సర్క్యూట్‌లో ఈ మార్పు లేదు. సిగ్నల్ మార్గాన్ని ఇది తాకదు కాబట్టి మనస్ఫూర్తిగా ఉంచాను.

ఒక కిలోహెర్ట్‌జ్ సైన్ తరంగంతో, చిట్లడం మొదలయ్యే ముందు 8 ఓమ్‌ల మీద 9.6 వోల్టులు వచ్చాయి, అంటే 11.5 వాట్లు. పూర్తిగా తోస్తే సరఫరా 350 నుంచి 320 దగ్గరికి కుంగింది.

వాయించి చూసిన తరువాత

గిటారిస్టు తెచ్చుకున్న సింగిల్ కాయిల్ పికప్ (తీగెల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చేది) ఉన్న గిటారుతో వాల్యూము 4 దాకా స్వచ్ఛంగా, 7 దగ్గర వేలి ఒత్తిడిని బట్టి చిట్లుతూ పలికింది. ఈ మోడల్‌లో అంకెలు 12 దాకా ఉంటాయి. వాల్యూము కంట్రోళ్లకు సిగ్నల్ మామూలుగా వచ్చే చివరి కాలి నుంచి కాక మధ్య కాలి నుంచి వస్తుంది కాబట్టి రెండు ఛానెళ్లూ ఒకదానికొకటి లోడుగా పనిచేస్తాయి. వాడని ఛానెల్ వాల్యూమును తిప్పినా వాడుతున్న ఛానెల్ ధ్వని మారుతుంది. ఇది చూసి మొదట ఆయన వైరింగు తేడా అనుకున్నారు. సర్క్యూట్ స్వభావమే అంత అని చూపించాక, ఆ రెండో నాబును టోన్ కంట్రోల్‌లా వాడుకోవడం వెంటనే పట్టుకున్నారు.

రెండేసి కాయిళ్లతో బలమైన సిగ్నల్ ఇచ్చే హంబకర్ పికప్‌లున్న రెండో గిటారుతో మాత్రం మంద్ర స్వరాలు ముద్దగా వచ్చాయి. “ఈ బేస్ కొంచెం బిగించన్నా” అని అడిగారు. కారణం స్పష్టం. 6వీ6 గ్రిడ్లకు వెళ్లే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 220 కిలో ఓమ్‌ల గ్రిడ్ రెసిస్టర్ కలిస్తే కాలస్థిరాంకం (కెపాసిటర్ ఎంత త్వరగా ఖాళీ అవుతుందో చెప్పే కొలత) 22 మిల్లీసెకన్లు. సిగ్నల్ పెద్దదై గ్రిడ్ కరెంటు లాగినప్పుడు ఆ కెపాసిటర్ ఛార్జి అయి, వాల్వు కొంతసేపు మూసుకుపోతుంది. 0.022 వేస్తే అది 5 మిల్లీసెకన్లకు తగ్గి బేస్ బిగుస్తుంది, కాని 5ఈ3 ధ్వనిలోని ఆ మందం కూడా దానితోపాటే పోతుంది. కెనడాకు చెందిన గాయకుడు, గిటారిస్టు నీల్ యంగ్ వాయించే 1959 నాటి ట్వీడ్ డీలక్స్‌లో వినిపించే ఆ విరిగిపోతున్నట్టుండే బరువు కూడా ఈ స్వభావంలోనిదే. 0.1నే ఉంచమని నేను గట్టిగా సలహా ఇచ్చాను. హంబకర్ గిటారును రెండో ఇన్‌పుట్‌లో పెట్టి, గిటారు వాల్యూమును కొద్దిగా తగ్గించి వాయించాక ఆయన కూడా అంగీకరించారు.

చివరి పరీక్ష కావలిలో ఒక ఫంక్షన్ హాలులో, జనరేటర్ మీద జరిగింది. అక్కడ ప్లగ్ బోర్డులో పెట్టిన చిన్న డిజిటల్ మీటరు 254 వోల్టులు చూపింది. 230 ట్యాపు మీదే ఉంటే హీటర్లు దాదాపు 7 వోల్టులకు చేరేవి, ప్లేట్లు కూడా అదే నిష్పత్తిలో పెరిగేవి. 250 ట్యాపుకు మార్చాక హీటర్లు 6.4 దగ్గర, ప్లేట్లు 355 దగ్గర నిలిచాయి. ఆర్కెస్ట్రాలో డ్రమ్స్‌తో కలిపితే పన్నెండు వాట్లు హాలంతటికీ చాలవు. స్పీకరు ముందు మైకు పెట్టి మైకు సెట్‌లోకి ఇచ్చారు. అసలు యంత్రాన్ని స్టేజీ మీద వాడేవారు చేసేది కూడా ఇదే.

యంత్రాన్ని అప్పగించేటప్పుడు పెట్టె వెనుక పలక లోపలి వైపున 230 వోల్టుల దగ్గర ఉండవలసిన కొలతలు రాసి అంటించాను: ప్లేట్లు 350, క్యాథోడ్లు 19.6, హీటర్లు 6.3. ప్లగ్గు పెట్టే ముందు మెయిన్స్ ఎంత ఉందో చూసి, స్విచ్చు ఆపి ఉన్నప్పుడే ట్యాపు మార్చాలని, స్పీకరు కలపకుండా ఎప్పుడూ ఆన్ చేయకూడదని, 5వై3 చెడిపోతే కొత్త రకం వాల్వు నేరుగా పెట్టకుండా ముందు నా దగ్గరికి తీసుకురావాలని ఆయనకు చెప్పాను. సిరీస్ రెసిస్టర్ల కోసం వదిలిన చోటు ఆ రోజున పనికి వస్తుంది. ఎంత విలువ వేయాలన్నది మాత్రం అప్పుడు దొరికే వాల్వును పెట్టి, కొలిచి తేల్చవలసిందే.